లంగరుకు విద్యుచ్ఛక్తి తోడైనప్పుడు

రొళ్ల, మడకశిర ప్రాంతాల విద్యార్థికి సముద్రం పాఠ్యపుస్తకంలో చదివే విషయమే కాని కన్నులారా చూచే దృశ్యం కాదు. మన చుట్టూ ఉన్నవి గుట్టలు, వేరుసెనగ చేలు, వక్కతోటలు, వాన కొరకు ఎదురుచూచే చెరువులు. అయినప్పటికీ 'లంగరు' అనే మాట ఎరుగని తెలుగువాడు లేడు. ఈ మాట ఫారసీ నుండి ఇటు ఉర్దూలోనికీ అటు తెలుగులోనికీ వచ్చి స్థిరపడింది. ఉర్దూలో 'లంగర్' అనగా ఓడను నిలిపే సాధనమే కాక, వచ్చినవారికెల్ల అన్నం పెట్టే సత్రం కూడా. మన 'చుక్కాని' అరబ్బీలోని 'సుక్కాన్'. 'సరంగు' ఫారసీలోని 'సర్‌హంగ్'. మచిలీపట్టణానికి గల 'బందరు' అనే పేరు రేవు అనే అర్థం గల ఫారసీ పదమే. 'తెరచాప' మాత్రం మన సొంత సమాసం. ఒకే పడవపై తెరచాప తెలుగుది, చుక్కాని అరబ్బీది, లంగరు ఫారసీది! ఏ భాషవారు ఎక్కినా పడవను నిలుపవలసిన అవసరం ఒక్కటే కదా!

నిజానికి సముద్రంపై పడవ సాగుట కంటె నిలుచుట కష్టం. కాకతి గణపతిదేవ చక్రవర్తి 1244లో మోటుపల్లి రేవున వేయించిన అభయశాసనం ప్రసిద్ధమైనది. గాలివానకు దెబ్బతిని ఒడ్డుకు కొట్టుకొనివచ్చిన ఓడల సరకును పూర్వపు రాజులు స్వాధీనం చేసుకొనేవారు. తాను అట్లు చేయక, న్యాయమైన సుంకం మాత్రమే తీసుకొందునని ఆయన వర్తకులకు మాట ఇచ్చినాడు. రాజు సరకును కాపాడగలడు. ఓడను నిలుపవలసింది మాత్రం లంగరే. ఏడు శతాబ్దాలు గడచినా ఈ సత్యం మారలేదు. 2020 అక్టోబరు 13న, విశాఖపట్టణం వెలుపల లంగరు వేసి నిలిచియున్న 'ఎం.వి. మా' అనే బంగ్లాదేశపు సరకుల ఓడ ఈదురుగాలులకు పట్టుతప్పి తెన్నేటి పార్కు తీరాన ఇసుకలో వచ్చి పడింది. ఇంజను గల పెద్ద ఓడకే ఈ గతి పట్టినప్పుడు చిన్న తెరచాప పడవ సంగతి చెప్పనక్కర లేదు.

ఇట్టి పడవలో చేతితో లాగే లంగరుకు విద్యుత్ యంత్రాన్ని అమర్చుట ఎట్లా, అందులో గమనించవలసిన విషయాలేవి అని వివరించుటే ఈ వ్యాసపు ఉద్దేశం. ఈ యంత్రాన్ని నావికులు 'విండ్లాస్' అంటారు. పడవ మనకు దూరమైనా ఇందలి సూత్రం దూరమైనది కాదు. మన బావుల గట్లపై ఒక తరం క్రితం జరిగిన మార్పు కూడా ఇట్టిదే.

లంగరు పని

లంగరు తన బరువు చేతనే ఓడను నిలుపుతుందనుట సామాన్యంగా ఉన్న అపోహ. పన్నెండు మీటర్ల పొడవుగల తెరచాప పడవ ఎనిమిది, పది టన్నులు తూగుతుంది. దాని లంగరు ఇరువది కిలోల లోపే ఉంటుంది. ఇంత చిన్న ఇనుపముక్క అంత పడవను ఎట్లు నిలుపగలదు? అది నాగలి వలె పనిచేస్తుంది. నేలకు అడ్డంగా లాగినంతకాలం దాని కొన ఇసుకలోనో బురదలోనో లోతుగా దిగుతుంది. నిలువునా పైకి లాగితే ఊడివస్తుంది. లాగే దిక్కులోనే దాని బలమూ, బలహీనతా ఉన్నవి.

లాగుడు అడ్డంగా ఉండవలెనంటే గొలుసు పొడవుగా వదలాలి. పడవ ముక్కు నుండి అడుగు వరకు గల లోతుకు నాలుగైదు రెట్లు గొలుసు, తాడైతే ఏడు రెట్లు వదలుట వాడుక. పది మీటర్ల లోతున్న చోట యాభై మీటర్ల గొలుసు సముద్రగర్భంలో పరచుకొని ఉంటుందన్నమాట. ఎనిమిది మిల్లీమీటర్ల కమ్మితో చేసిన గొలుసు మీటరుకు సుమారు 1.4 కిలోలు తూగుతుంది. యాభై మీటర్లకు 70 కిలోలు, లంగరు 20 కిలోలు, వెరసి 90 కిలోలు.

లాగేటప్పుడు ఈ బరువంతా ఒక్కసారిగా చేతిపై పడదు. నేలను వదలి నిలువుగా వ్రేలాడే భాగమే పడుతుంది. పది మీటర్ల లోతులో అది గొలుసు 14 కిలోలు, లంగరు 20 కిలోలు, అనగా 34 కిలోలు. నీటిలో మునిగిన ఉక్కు తన బరువులో ఎనిమిదోవంతు కోల్పోతుంది గనుక ముప్పదికి కాస్త తక్కువే తోస్తుంది. అయితే దీనికి తోడు గాలి పడవను వెనుకకు నెట్టుతుంది. బురద లంగరును పట్టుకొని వదలదు. కాలిక్రింద డెక్కు ఊగుతూ ఉంటుంది. వయసుమళ్లినవారికి, ఇద్దరే మనుషులున్న పడవకు ఇది నడుము విరిచే పని. తీరా లాగిన తరువాత లంగరు సరిగా పట్టలేదని తెలిస్తే, మరల వేసి మరల లాగాలి. అలసిన నావికుడు రెండవసారి లాగుటకు వెనుకాడి, 'ఇది చాలులే' అని నిద్రపోతాడు. ప్రమాదం అక్కడనే పొంచి ఉంటుంది. విద్యుత్ యంత్రం వలన కలిగే పెద్ద మేలు సుఖం కాదు. రెండవసారి లంగరు వేయుటకు కావలసిన ఓపికను అది మిగుల్చుతుంది.

కపిల చెప్పే పాఠం

విండ్లాస్ అనగా నేమి? బావి గిలకకు దగ్గరి బంధువు. గిలక తాడు దిక్కును మాత్రం మార్చుతుంది. విండ్లాస్ దిక్కును మార్చుటతో పాటు బలాన్ని కూడా పెంచుతుంది. పూర్వపు ఓడలలో డెక్కుపై నిలువుగా ఒక దిమ్మె ఉండేది. దానికి బారు కర్రలు దూర్చి, పలువురు కళాసులు గానుగ చుట్టు తిరిగే ఎద్దుల వలె తిరుగుతూ లంగరును లేపేవారు. చిన్న పడవలలో ఒక పిడితో ముందుకు వెనుకకు ఆడించే యంత్రం వచ్చింది. ఆ పిడి స్థానంలో విద్యుత్ మోటారును నిలిపితే విద్యుత్ విండ్లాస్ అవుతుంది.

మన ప్రాంతపు కపిలను చూచిన పెద్దలు ఇంకా ఉన్నారు. బావి ఒడ్డున గిలక, మోకు, తోలుబాన, పల్లపు బాటలో దిగే జత ఎద్దులు, మోకుపై కూర్చొని వాటిని తోలే మనిషి: ఇదొక సంపూర్ణమైన యంత్రం. అందులో కంటికి కనిపించని ఒక భాగం కూడా ఉన్నది. అది ఎద్దుల అలసట. ఎద్దులు అలసినప్పుడు కపిల ఆగేది. కపిల ఆగినప్పుడు బావి ఊరేది. నీరు ఎంత తోడవచ్చునన్న హద్దు శాస్త్రంలో గాని చట్టంలో గాని లేదు. ఎద్దుల ఒంటిలో ఉండేది. విద్యుత్ మోటారు వచ్చిన పిదప ఎద్దుల శ్రమ తీరింది. దానితో పాటు హద్దు కూడా తీరిపోయింది. మోటారుకు అలసట లేదు. బావి అడుగంటింది, బావిలో బోరు, బోరుకు లోతు, లోతుకు అప్పు వచ్చినవి. ఎద్దుల అలసట ఒకప్పుడు చేసిన పనిలో కొంతైనా చేయుటకు 2002లో నీరు, భూమి, చెట్ల చట్టాన్ని చేయవలసి వచ్చింది.

యంత్రం చెడ్డదని దీని అర్థం కాదు. శరీరం పెట్టిన హద్దును యంత్రం తొలగించినప్పుడు, ఆ హద్దును మనుష్యుడు తన బుద్ధితో తిరిగి కట్టుకోవాలి. పడవలో విండ్లాస్ అమర్చుటలోని నేర్పంతా ఈ ఒక్క మాటలో ఉన్నది.

డెక్కు, గొలుసు, గొలుసు గది

మొదటి ప్రశ్న: ఎంత బలమైన యంత్రం కావాలి? గొలుసు, లంగరు మొత్తం బరువుకు మూడు రెట్లు లాగగలిగినది ఉండవలెనన్నది అనుభవజ్ఞుల లెక్క. పైన చెప్పిన 90 కిలోలకు 270 కిలోల లాగుడు కావాలి. సుమారు వెయ్యి వాట్ల మోటారు దీనికి చాలుతుంది.

రెండవ ప్రశ్న: దానిని దేనిపై బిగించాలి? ఫైబరు గాజుతో చేసిన పడవల డెక్కు చాలా వరకు రెండు పలుచని రేకుల నడుమ తేలికైన బాల్సా కర్రనో నురుగుపలకనో పెట్టి చేసినది. కాలితో నడచుటకు అది చాలును. మూడు వందల కిలోల లాగుడుకు చాలదు. బోల్టులు బిగించిన కొద్దీ మధ్యనున్న మెత్తని కర్ర నలుగుతుంది. రంధ్రం గుండా ఉప్పునీరు దిగి కర్ర కుళ్లుతుంది. అందుచేత ప్రతి రంధ్రం చుట్టూ ఆ మెత్తని భాగాన్ని తొలిచివేసి ఎపాక్సీ బంకతో నింపాలి. అది గట్టిపడిన తరువాత సరియైన రంధ్రం చేయాలి. డెక్కు అడుగున వెడల్పైన లోహపు పలకనో దట్టమైన చెక్కనో వేసి బోల్టులు బిగించాలి. అప్పుడు బలం నాలుగు బోల్టులపై గాక డెక్కు అంతటిపై పరచుకొంటుంది. మట్టిగోడకు ఇనుప దూలం ఎత్తే మేస్త్రీ దూలం క్రింద రాతిదిమ్మె వేయుట ఇందుకే గదా!

మూడవది గొలుసు. విండ్లాస్‌పై 'జిప్సీ' అనే పళ్లచక్రం ఉంటుంది. సైకిలు గొలుసు పళ్లచక్రంలో ఇమిడినట్లు లంగరు గొలుసు కొక్కీలు దీనిలో ఇమడాలి. కమ్మి మందం ఒక్కటే సరిపోయిన చాలదు. కొక్కీ పొడవు కూడా సరిపోవాలి. పది మిల్లీమీటర్ల గొలుసులోనే లోపలి పొడవు 28 మిల్లీమీటర్లు గలది ఒకటి, 30 గలది ఒకటి రెండు ప్రమాణాలలో దొరుకుతున్నవి. ఒకదానికి చేసిన చక్రంపై మరొకటి వేస్తే కొంతదూరం సరిగానే నడచి, బరువు పడిన క్షణంలో జారుతుంది. జారిన గొలుసు బుసకొట్టు పామువలె సముద్రంలోనికి పరుగెత్తుతుంది. దానిని చేతితో పట్టబోయినవారి వ్రేళ్లు దక్కవు.

నాలుగవది గొలుసు పడే గది. పైకి వచ్చిన గొలుసు తన బరువుతో తానే క్రిందికి దిగాలి. రాలిన ధాన్యం వలె అది కుప్పగా పెరుగుతుంది. కుప్ప కొన రంధ్రాన్ని తాకితే గొలుసు వెనుకకు తన్ని చక్రంలో చిక్కుకొంటుంది. కుప్ప నిండిన తరువాత కూడా పైన కనీసం ముప్పై సెంటీమీటర్ల ఖాళీ ఉండునట్లు చూచుకోవాలి. గొలుసు చివరి కొసను పడవలోని గట్టి కొక్కేనికి ఇనుముతో గాక తాడుతో కట్టాలి. ఆపద సమయంలో లంగరును విడిచి పారిపోవలసివస్తే తాడును కత్తితో కోయవచ్చును; ఇనుమును కోయుటకు వ్యవధి ఉండదు.

విద్యుత్తు లెక్క

ఐదవది, అన్నిటికంటె ఎక్కువ మంది తప్పు చేసేది తీగ విషయంలో. మన ఇండ్లలో వెయ్యి వాట్ల పరికరం 230 వోల్టులపై సుమారు నాలుగున్నర ఆంపియర్లు తీసుకొంటుంది. పడవలోని బ్యాటరీ 12 వోల్టులది. అదే వెయ్యి వాట్లకు 83 ఆంపియర్లు కావాలి. వోల్టులు తగ్గిన కొద్దీ ప్రవాహం పెరుగుతుంది.

బ్యాటరీ పడవ మధ్యలో, మోటారు ముక్కు వద్ద ఉంటే వాటి నడుమ పది మీటర్లు. విద్యుత్తు పోవుటకు, వచ్చుటకు కలిపి ఇరువది మీటర్ల తీగ. పది చదరపు మిల్లీమీటర్ల రాగితీగ వేస్తే దాని నిరోధం 0.035 ఓమ్‌లు. 83 ఆంపియర్లు పోయినప్పుడు 2.9 వోల్టులు దారిలోనే ఖర్చవుతవి. 240 వాట్ల వేడి తీగలో పుడుతుంది. యాభై చదరపు మిల్లీమీటర్ల తీగ అయితే నిరోధం 0.007 ఓమ్‌లు, నష్టం 0.58 వోల్టు, వేడి 48 వాట్లు మాత్రమే. మొదటి తీగతో మోటారుకు చేరేది తొమ్మిది వోల్టులే. మోటారు మూలుగుతూ తిరుగుతుంది, తానూ కాలవచ్చు. లైను చివరనున్న మన రైతు మోటారు వోల్టేజి పడిపోయి కాలిపోవుట ఎరిగినవారికి ఇది వింత కాదు. 24 వోల్టుల ఏర్పాటు గల పడవలో ప్రవాహం సగమగును. అదే తీగలో నష్టమయ్యే వేడి నాల్గవ వంతుకు దిగుతుంది.

ఇందులో ఒక చిత్రం ఉన్నది. యాభై మీటర్ల గొలుసును నిమిషానికి ఇరువది మీటర్ల చొప్పున లాగితే రెండున్నర నిమిషాలు పడుతుంది. 83 ఆంపియర్ల చొప్పున ఖర్చయ్యేది మూడున్నర ఆంపియర్ గంటలే. బ్యాటరీకి ఇది లెక్కలోనిది కాదు. మొత్తం ఖర్చు కొంచెమే, రద్దీ మాత్రం ఎక్కువ. పెనుకొండ బాబయ్య ఉరుసునాడు ఇరుకు సందులో జనం ఎట్లు తొక్కిసలాడుతారో ఆ రెండున్నర నిమిషాలు తీగలో విద్యుత్తు అట్లు తొక్కిసలాడుతుంది. వెడల్పైన దారి వేయుట ఒక్కటే ఉపాయం. లంగరు లేపేటప్పుడు పడవ ఇంజనును నడుపుతూ ఉంటే బ్యాటరీకి ఊత దొరుకుతుంది.

ఇంత ప్రవాహాన్ని కాలితో నొక్కే చిన్న మీట భరించలేదు. మీట రిలేను మాత్రం పలుకరిస్తుంది. రిలే పెద్ద తీగను కలుపుతుంది. బ్యాటరీకి సమీపంలో సర్క్యూట్ బ్రేకర్ తప్పనిసరిగా ఉండాలి. లంగరు రాతిసందులో చిక్కుకొన్నదనుకొందాం. చేతితో లాగేవానికి అది వెంటనే తెలుస్తుంది, ఆగుతాడు. మోటారుకు తెలియదు, గొలుసు తెగువరకో, డెక్కు లేచువరకో, తీగ కాలువరకో లాగుతూనే ఉంటుంది. బ్రేకర్ ఆ క్షణంలో ప్రవాహాన్ని తెంచుతుంది. కపిల ఎద్దుల అలసటను మరల యంత్రంలో ప్రవేశపెట్టుటే ఇది. 'మాటిమాటికి పడిపోతున్నది' అని దానికి బదులు పెద్ద బ్రేకర్ వేయుట, ఊపిరాడక నిలిచిన ఎద్దును ముల్లుకర్రతో పొడుచుట వంటిది.

లాగుట వేరు, పట్టుట వేరు

యంత్రం అమర్చిన తరువాత కలిగే భ్రాంతి ఒకటున్నది. విండ్లాస్‌లోని వార్మ్ గేర్ సాధారణంగా వెనుకకు తిరగదు. గొలుసును లాగి ఆపితే అక్కడనే నిలుస్తుంది. కనుక రాత్రంతా పడవను దానిపైననే వ్రేలాడదీయవచ్చునని తోస్తుంది. ఇది తగదు. అల వచ్చినప్పుడెల్ల పది టన్నుల పడవ విసురు గేరు పళ్లపై పడుతుంది. విండ్లాస్ లాగుటకు చేసినది, పట్టుటకు చేసినది కాదు. లంగరు వేసిన వెంటనే 'స్నబ్బర్' అనే నైలాను తాడును గొలుసుకు తగిలించి, దాని రెండవ కొసను పడవలోని గట్టి కట్టుకొయ్యకు బిగించి, గొలుసును కాస్త వదులు చేయాలి. నైలాను సాగుతుంది, అల దెబ్బను మింగుతుంది. గేరు విశ్రాంతి తీసుకొంటుంది.

అట్లే పడవను లంగరు వైపు లాగుకొనుటకు కూడా విండ్లాస్‌ను వాడరాదు. ఇంజనుతో పడవను మెల్లగా ముందుకు నడిపి, వదులైన గొలుసును మాత్రమే దానితో చుట్టించాలి. లంగరు నేలను వదలకుంటే గొలుసును కట్టుకొయ్యకు కట్టి పడవ కదలికతోనే దానిని పెరికించాలి. తీగ, తాడు, గొలుసు ఏది కదలుతున్నా చేతులు దూరంగా ఉండాలి. పని లేనప్పుడు బ్రేకర్‌ను తీసివేయాలి. కాలిమీటపై మూత ఉండాలి. పిల్లవాడు ఆటగా త్రొక్కినా, నీరు దిగి మీట తానే కలిసినా యంత్రం మనిషిని గుర్తుపట్టదు.

చివరిది, చేతిపిడి. విద్యుత్తు వచ్చినదని పాత పిడిని పారవేయరాదు. నౌకాదళపు 'తారిణి' అనే పదిహేడు మీటర్ల తెరచాప పడవపై ఆరుగురు మహిళా అధికారులు 2017 సెప్టెంబరు 10న గోవా నుండి బయలుదేరి, భూమిని చుట్టి 2018 మే 21న తిరిగివచ్చినారు. వారిలో హైదరాబాదుకు చెందిన బి. ఐశ్వర్య, విశాఖపట్టణానికి చెందిన పి. స్వాతి మన తెలుగు ఆడపడుచులు. తిరుగు ప్రయాణంలో చుక్కాని నడిపే భాగం చెడినందున వారు మారిషస్‌లోని పోర్టు లూయీ రేవున ఆగి బాగుచేయించుకొనవలసి వచ్చింది. ఎంత శ్రద్ధగా సిద్ధపరచిన పడవలోనైనా ఏదో ఒక భాగం చెడుతుంది. నడిసముద్రంలో మరమ్మతు దుకాణం ఉండదు. మోటారు మొరాయించిన నాడు పిడితో గొలుసును లాగగలుగుదుమో లేదో పడవ ఒడ్డున ఉన్నప్పుడే పరీక్షించి చూచుకోవాలి.

పాత నిర్మాణానికి కొత్త బలాన్ని జోడించేవారు వేసుకోవలసిన ప్రశ్నలు పడవకైనా బావికైనా ఒక్కటే. ఈ బలాన్ని మోయుటకు అడుగున ఆధారం ఉన్నదా? బలం వచ్చే దారి తగినంత వెడల్పుగా ఉన్నదా? ఆగవలసిన చోట ఆపేది ఏది? అది ఆగిపోయిన నాడు చేయి పనికివస్తుందా? మోటారు కొనే మనిషి దాని వాట్లనూ ధరనూ అడుగుతాడు. ఈ నాలుగింటినీ అడుగడు. బావి ఎండిన తరువాత గాని, పడవ తీరాన్ని తాకిన తరువాత గాని అవి జ్ఞాపకం వస్తే లాభం లేదు. సాంకేతిక విద్య నభ్యసించే మన విద్యార్థులు ముందుగానే అడుగుట అలవరచుకొందురు గాక.